రూపాయికి జవాబు అడిగే పదవి

ప్రభుత్వం ఖర్చు చేసే ప్రతి రూపాయి వెనుకా ఒక కన్ను ఉండాలని రాజ్యాంగ నిర్మాతలు భావించారు. ఆ కన్ను ఏమి చూసింది? చూసినదానిని దేశం ఎంతవరకు విన్నది?

రాయపూర్ నగరంలో ప్రొద్దు వాలేవేళ జనం చేరే తావు తెలీబంధా చెరువు. గట్టు వెంట నడకదారి వేసి, దీపాలు పెట్టి తీర్చిదిద్దిన ఆ చోటును నగరవాసులు బొంబాయి సముద్రతీరాన్ని తలచుకొని ‘మెరైన్ డ్రైవ్’ అని పిలుచుకుంటారు. చెరువు ఒడ్డున 82 మీటర్ల స్తంభం మీద 2016లో జాతీయపతాకాన్ని ఎగురవేశారు. గాలి తిరిగినప్పుడల్లా ఆ పతాకం రెపరెపలాడుతూ చాలా దూరానికి కనిపిస్తుంది.

ఇటువంటి చోట షికారుకు వచ్చినవారికి సాధారణంగా తట్టని ప్రశ్న ఒకటున్నది. ఏ ఊళ్ళోనైనా సరే, గట్టుకు పరచిన రాయికి, దారికి పెట్టిన దీపానికి, ఎదుటి రోడ్డుకు పోసిన తారుకు ఒక్కొక్క బిల్లు ఉంటుంది. బిల్లు మీద ఒకరి సంతకం, సంతకం వెనుక ఒక మంజూరు ఉత్తర్వు, ఉత్తర్వు వెనుక శాసనసభ అనుమతించిన పద్దు ఉంటాయి. ఈ గొలుసులోని లింకులన్నీ సరిగా ఉన్నవో లేవో చూసేదెవరు? చూసి, తప్పు కనబడితే ముఖ్యమంత్రికైనా ప్రధానమంత్రికైనా జంకకుండా చెప్పేదెవరు?

ఆ పని చేయవలసిన అధికారి పేరు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. పత్రికల భాషలో ‘కాగ్’. ఆయన ఢిల్లీలో ఉంటాడు. ఆయన తరఫున పద్దులు చూసే కార్యాలయాలు రాష్ట్రాలలో ఉన్నాయి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన తరువాత ఈ నగరానికీ అటువంటి కార్యాలయం వచ్చింది. అక్కడి ఆడిటర్లు వెలికితీసిన ఒక సంగతితోనే ఈ పదవి కథను ఆరంభించవచ్చు.

పక్కపక్కన రెండు గనులు

ఛత్తీస్‌గఢ్ ఉత్తరాన సర్గుజా ప్రాంతంలో భట్‌గావ్ అనే బొగ్గు క్షేత్రమున్నది. అక్కడి రెండు బ్లాకులు, భట్‌గావ్-2, దాని విస్తరణ బ్లాకు, రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఖనిజాభివృద్ధి సంస్థకు దక్కాయి. తవ్వి తీసేందుకు ఆ సంస్థ టెండర్ల ద్వారా ఒక ప్రైవేటు భాగస్వామిని ఎంచుకొన్నది. ఇంతవరకు కాగితాలమీద వింత ఏమీ లేదు.

ఆడిటర్ల కన్ను పడినది ధరల మీద. మొదటి బ్లాకుకు టన్నుకు రూ. 552 చొప్పున ఒప్పందం కుదిరింది. దానిని ఆనుకొని ఉన్న విస్తరణ బ్లాకుకు కుదిరిన ధర టన్నుకు రూ. 129.60 మాత్రమే. భూమిలో రెండింటికీ మధ్య గోడ లేదు. కాగితం మీద మాత్రం టన్నుకు రూ. 422.40 తేడా ఉన్నది. ఆ తేడాను బొగ్గు నిల్వలతో హెచ్చించినప్పుడు తేలిన మొత్తం రూ. 1,052 కోట్లు. ప్రభుత్వ సంస్థకు అంత నష్టమని 2012లో రాష్ట్ర శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదిక పేర్కొన్నది. ఎంపిక టెండర్ల ద్వారానే, పారదర్శకంగానే జరిగిందని ప్రభుత్వ పక్షం వాదించింది.

ఎవరి వాదం ఎంత బలమైనదన్న విషయం అటుంచి, జరిగినదేమిటో గమనించవలసి ఉన్నది. ఎవరి ఇంటిమీదా దాడి జరుగలేదు. ఎవరినీ అరెస్టు చేయలేదు. ఎవరో గుమాస్తా స్థాయి ఉద్యోగులు రెండు ఫైళ్ళను పక్కపక్కన పెట్టుకొని రెండు అంకెలను పోల్చి చూశారు. రాష్ట్రమంతటా కలకలం రేపటానికి ఆ మాత్రం చాలింది. ఆడిటు శక్తి అంతా అక్కడే ఉన్నది. దాని బలహీనత కూడా అక్కడే ఉన్నది.

అంబేద్కర్ ఆవేదన

ఈ పదవి స్వతంత్ర భారతానికంటే పాతది. 1857 తిరుగుబాటు తరువాత పరిపాలన కంపెనీ చేతినుండి బ్రిటిష్ రాణి చేతికి మారినప్పుడు ఖర్చుల మీద అదుపు కావలసివచ్చింది. 1860 నవంబర్ 16న తొలి ఆడిటర్ జనరల్ బాధ్యతలు స్వీకరించారు. ఆ రోజును గుర్తుచేసుకుంటూ 2021 నుండి ఏటా ‘ఆడిట్ దివస్’ జరుపుతున్నారు. నాటి ఆడిటరు ప్రభువుల కొలువులో ఒక ఉద్యోగి. ప్రజల పక్షాన ప్రభువులను అడిగే హక్కు అతనికి లేదు.

ఆ హక్కును ఇచ్చినది రాజ్యాంగం. 1949 మే 30న రాజ్యాంగ నిర్ణయసభలో ఈ పదవిపై చర్చ జరిగినప్పుడు డాక్టర్ అంబేద్కర్ చెప్పిన మాట సభ్యులను ఆలోచింపజేసింది. రాజ్యాంగంలో బహుశా ఇంతకన్న ముఖ్యమైన అధికారి లేడని, ఈయన విధులు న్యాయవ్యవస్థ విధులకంటె కూడా ముఖ్యమైనవని ఆయన అభిప్రాయపడ్డారు. అయినా న్యాయమూర్తులకు కల్పించినంత స్వాతంత్ర్యాన్ని ఈయనకు కల్పించలేకపోయామన్న అసంతృప్తిని కూడా ఆయన దాచుకోలేదు.

148 నుండి 151 వరకు గల రాజ్యాంగ అధికరణాలు ఈ పదవికి కంచె కట్టాయి. ఈయనను రాష్ట్రపతి నియమిస్తారు. కాని తొలగించటం సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత కష్టం. ఆరేళ్ళు గాని, 65 ఏళ్ళ వయస్సు గాని, ఏది ముందు వస్తే అంతవరకు పదవీకాలం. జీతభత్యాలను పార్లమెంటు వోటుకు పెట్టనక్కరలేదు, అవి సంచిత నిధి నుండి నేరుగా వస్తాయి. అన్నింటికన్న విశేషమైన నిబంధన మరొకటి: పదవి దిగిన తరువాత కేంద్రప్రభుత్వం క్రింద గాని, రాష్ట్రప్రభుత్వం క్రింద గాని ఏ ఉద్యోగమూ చేయరాదు. రేపటి ఉద్యోగంపై ఆశ ఉన్నవాడు నేటి యజమానిని గట్టిగా ప్రశ్నించలేడన్న మానవస్వభావం ఎరిగినవారు వ్రాసిన నిబంధన అది.

పేరులో మాత్రం ఒక చిక్కు ఉండిపోయింది. ‘కంప్ట్రోలర్’ అంటే ఖజానా తాళం చేతిలో ఉన్నవాడు. బ్రిటన్‌లో ఆ అధికారి అనుమతి లేనిదే ఖజానానుండి డబ్బు బయటకు రాదు. మన దేశంలో ఆ తాళం ఈయన చేతికి రాలేదు. డబ్బు ఖర్చయిన తరువాతనే లెక్క చూడటం ఈయన వంతు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లని మనవారి సామెత. ఈ పదవిని ఎత్తిపొడిచేవారు సరిగా ఆ సామెతనే వాడుతుంటారు.

సగం కాగితం

ఆడిటు ఎట్లా జరుగుతుందో చాలామందికి తెలియదు. ఆడిటరు ఒక కార్యాలయానికి వెళ్ళి నగదు పుస్తకం, వోచర్లు, టెండరు ఫైళ్ళు, కొలతల పుస్తకాలు తెప్పించుకొంటాడు. సందేహం కలిగినచోట ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒక సగంలో తన ప్రశ్న వ్రాస్తాడు. రెండవ సగం ఖాళీగా వదలుతాడు. అది సమాధానం కొరకు. ఆ శాఖలో దానికి ‘హాఫ్ మార్జిన్’ అని పేరు.

ఆ ఖాళీ సగంలోనే న్యాయం ఉన్నది. నిందపడిన అధికారి మాట వినకుండా ఆడిటు ముందుకు సాగదు. తృప్తికరమైన జవాబు వస్తే ఆ అభ్యంతరం అక్కడితో సరి. రాకపోతే తనిఖీ నివేదికలోకి ఎక్కుతుంది. ముఖ్యమైనదైతే ముసాయిదా పేరాగా మారి ఆ శాఖ కార్యదర్శి బల్లమీదికి వెళుతుంది. ఆయన జవాబును కూడా పరిశీలించిన మీదటే కాగ్ సంతకం చేస్తారు. నివేదిక కేంద్రానికి సంబంధించినదైతే రాష్ట్రపతికి, రాష్ట్రానికి సంబంధించినదైతే గవర్నరుకు చేరుతుంది. అక్కడినుండి చట్టసభకు, సభనుండి ప్రజాపద్దుల సంఘానికి వెళుతుంది. 1967లో మీనూ మసానీతో మొదలుకొని పార్లమెంటులో ఆ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షత వహించటం ఆనవాయితీగా వస్తున్నది.

దారి సుదీర్ఘమైనది. వ్రాసిన ప్రశ్నను ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుంది? ఆ సంగతి బీహారు నేర్పింది.

వినబడని హెచ్చరిక

1984లో త్రిలోకీనాథ్ చతుర్వేది కాగ్ అయ్యారు. 1985లో ఆయన ఒక చిన్న విషయం గమనించారు. బీహారు ఖజానాల నుండి, శాఖల నుండి ప్రతి నెలా రావలసిన లెక్కలు ఆలస్యంగా వస్తున్నాయి. ఆలస్యం పైకి నేరంగా కనిపించదు. కాని లెక్కలు ఆలస్యమవుతున్నాయంటే మధ్యలో ఎవరో డబ్బును వాడుకుంటూ ఉండవచ్చునని అనుభవజ్ఞుడైన ఆడిటరుకు తెలుసు. అపహరణకు ఇది సూచన కావచ్చునని ఆయన రాష్ట్ర ముఖ్యమంత్రికి లేఖ ద్వారా హెచ్చరించారు.

ఆ హెచ్చరికను ఎవరూ చెవిన పెట్టలేదు. పదకొండేళ్ళు గడిచాయి. 1996 జనవరిలో చాయీబాసా పశుసంవర్థక శాఖ కార్యాలయాలను ఆ జిల్లా అధికారి సోదా చేసినప్పుడు, ఉనికిలో లేని పశువులకు కొనని దాణా కొన్నట్లు సృష్టించిన బిల్లులు బయటపడ్డాయి. అదే దాణా కుంభకోణం. మొత్తం సుమారు రూ. 950 కోట్లని అంచనా. ఇద్దరు మాజీ ముఖ్యమంత్రులు నిందితులుగా బోనెక్కవలసివచ్చింది. 1985లో ఆ లేఖను చదివినవారు ఒక్కసారి లేచి ఖజానాకు వెళ్ళి చూసి ఉంటే ఎంత ధనం మిగిలేదో!

చతుర్వేది పేరు దేశమంతటా మారుమ్రోగినది మాత్రం మరొక నివేదికతో. బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలుపై ఆయన నివేదిక 1989 జూలైలో పార్లమెంటు ముందుకు వచ్చింది. పాలకపక్షం ఆయనపై విరుచుకుపడింది. ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా లోక్‌సభకు రాజీనామా చేశారు. ఆ సంవత్సరాంతపు ఎన్నికలలో ప్రభుత్వం మారింది. పదవి ముగిసిన తరువాత ఆయన భారతీయ జనతా పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్ళారు, ఆపైన కర్ణాటక గవర్నరయ్యారు. చట్టం దానిని నిషేధించలేదు. కాని కాపలాదారు ఒక పక్షంలో చేరినప్పుడు అతని పాత నివేదికలను కూడా జనం కొత్త కళ్ళతో చదువుతారన్న విమర్శ అప్పటినుండి వినిపిస్తూనే ఉన్నది.

అంకెల తుఫాను

2008 జనవరిలో వినోద్ రాయ్ ఈ పదవికి వచ్చారు. ఆయన 1972లో ఐ.ఎ.ఎస్.లో చేరి కేరళలో పనిచేసినవాడు. త్రిచూరులో ఉద్యోగించిన కాలంలో అక్కడివారు, ఆ నగరాన్ని తీర్చిదిద్దిన పూర్వపు రాజును తలచుకొని, ఆయనను ‘రెండవ శక్తన్ తంపురాన్’ అనేవారు.

2010 నవంబరులో ఆయన నివేదిక ఒకటి పార్లమెంటులో పిడుగులా పడింది. 2008లో టెలిఫోను సంస్థలకు 2జి లైసెన్సులను 2001 నాటి ధరకే, ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో ఇచ్చారని, దానివల్ల ఖజానాకు నష్టం వాటిల్లినదని ఆ నివేదిక సారాంశం. ఎంత నష్టం? నివేదికలో ఉన్నది ఒక అంకె కాదు. లెక్కకట్టే పద్ధతిని బట్టి రూ. 57,666 కోట్ల నుండి రూ. 1,76,645 కోట్ల వరకు వేరువేరు అంచనాలు అందులో ఉన్నాయి. జనం నాలుకపై నిలిచినది మాత్రం చివరి అంకె ఒక్కటే.

2011లో కామన్వెల్త్ క్రీడల ఖర్చులపైన, ఆంధ్రతీరాన కృష్ణా-గోదావరి బేసిన్‌లో సహజవాయువు ఒప్పందం అమలుపైన నివేదికలు వచ్చాయి. 7,645 చదరపు కిలోమీటర్ల క్షేత్రాన్ని నిబంధనల ప్రకారం దశలవారీగా వదలించకుండా మొత్తం గుత్తేదారు చేతిలోనే ఉంచారన్నది ఈ రెండవదానిలో ప్రధానమైన ఆక్షేపణ. 2012 ఆగస్టు 17న బొగ్గు నివేదిక వచ్చింది. వేలం లేకుండా గనులు కేటాయించటం వల్ల ప్రైవేటు సంస్థలకు రూ. 1.86 లక్షల కోట్ల లాభం చేకూరినదని అందులోని అంచనా. ఆగస్టు 27న ప్రధాని మన్మోహన్ సింగ్ స్వయంగా పార్లమెంటులో ఆ లెక్కను ఖండించారు. ఛత్తీస్‌గఢ్ బొగ్గు రాష్ట్రం కనుక ఆ వివాదపు వేడి రాయపూర్‌కు గట్టిగానే తగిలింది.

ఆ తరువాత న్యాయస్థానాలు చెప్పినది జాగ్రత్తగా చదువవలసి ఉన్నది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 టెలిఫోను లైసెన్సులను రద్దు చేసింది. 2014 సెప్టెంబరులో 218 బొగ్గు కేటాయింపులలో 214ను రద్దు చేసింది. ఆపైన గనులు వేలం ద్వారా ఇవ్వసాగారు. కాని 2017 డిసెంబర్ 21న 2జి కేసులో నిందితులందరినీ ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది. సి.బి.ఐ. అప్పీలుకు వెళ్ళింది.

రాయ్ విమర్శకులు ఈ తీర్పును చూపి, లేని నష్టాన్ని ఊహించి దేశాన్ని తప్పుదారి పట్టించారని అన్నారు. ఆయనను సమర్థించేవారు లైసెన్సుల రద్దును చూపారు. నిజానికి ఆ రెండు తీర్పులూ రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. పద్ధతి న్యాయమైనదా అన్నది ఒక ప్రశ్న. ఫలానా మనిషి లంచం తీసుకున్నాడని సాక్ష్యాలతో రుజువైనదా అన్నది మరొక ప్రశ్న. ఆడిటరు మొదటి ప్రశ్న మాత్రమే అడుగగలడు. ఆయన వ్రాసిన అంచనాను జనం రెండవ ప్రశ్నకు జవాబుగా చదువుకున్నారు.

రాయ్ కథలో మరొక పాఠం కూడా ఉన్నది. 2013 మేలో పదవి ముగిసిన తరువాత, 2014లో ఆయన తన జ్ఞాపకాల పుస్తకం ప్రచురించారు. ఆడిటు నివేదికలో ప్రధాని పేరు లేకుండా చేయమని తనను ఒత్తిడి చేసినవారిలో ఒక పార్లమెంటు సభ్యుణ్ణి కూడా ఆయన పేర్కొన్నారు. ఆ సభ్యుడు పరువునష్టం దావా వేశాడు. 2021లో రాయ్ తన మాట వాస్తవం కాదని ఒప్పుకొని బేషరతుగా క్షమాపణ చెప్పారు. ఇతరుల కాగితాలలో తప్పు వెదకే వృత్తివాడు తన నోటి మాటకు కూడా వోచరు చూపవలసిన రోజు వస్తుందని ఆ సంఘటన రుజువు చేసింది.

కోరలు లేకున్నా

కాగ్‌కు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. పోయిన సొమ్మును రాబట్టే అధికారమూ లేదు. చివరికి తన నివేదికను సభలో పెట్టించే అధికారం కూడా లేదు. సభ ముందు ఉంచాలని రాజ్యాంగం చెప్పినదే గాని ఎన్నాళ్ళలోపల అన్నది చెప్పలేదు. ఢిల్లీలో ఏళ్ళ తరబడి నిలిచిపోయిన నివేదికలు ప్రభుత్వం మారిన తరువాత 2025 ఫిబ్రవరి నుండి గాని సభకు రాసాగలేదు. ఆలస్యమైన నివేదిక చల్లారిన అన్నం వంటిది. ఆకలిగొన్నప్పుడు అందలేదు, అందినప్పుడు రుచించదు.

అయినా ఈ పని వ్యర్థం కాదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన నివేదికలో ఒక వింత వెల్లడైంది. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకం జాబితాలో దాదాపు 7.5 లక్షలమంది లబ్ధిదారులకు ఒకే మొబైల్ నంబరు నమోదై ఉన్నది. అది వరుసగా పది తొమ్మిదులు! అర్హత నిర్ణయించటానికి ఫోను నంబరుతో పనిలేదని మంత్రిత్వశాఖ వివరణ ఇచ్చింది. వివరణ ఎటువంటిదైనా, ఎవరో ఒకరు అడిగారు కనుక ఇంకొకరు జవాబు చెప్పవలసి వచ్చింది. ప్రజాస్వామ్యంలో అది చిన్న విషయం కాదు.

కోనసీమ నుండి

2024 నవంబర్ 21న రాష్ట్రపతి భవనంలో 15వ కాగ్‌గా ప్రమాణం చేసిన కె. సంజయ్ మూర్తి తెలుగువాడు. ఆయన కుటుంబానిది కోనసీమ. తండ్రి కె.ఎస్.ఆర్. మూర్తి ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి, 1996లో అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కుమారుడు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, 1989లో ఐ.ఎ.ఎస్.లో చేరి హిమాచల్‌ప్రదేశ్ కేడరుకు వెళ్ళారు. 2021 నుండి కేంద్రంలో ఉన్నత విద్యాశాఖ కార్యదర్శిగా ఉండి, అక్కడినుండి ఈ పదవికి వచ్చారు.

ఆయన ఎదుట ఉన్నవి పాత ప్రశ్నలే. నిన్నటివరకు ప్రభుత్వ కార్యదర్శిగా జవాబు చెప్పిన మనిషి నేడు ప్రశ్న వేయాలి. వినోద్ రాయ్ కూడా కేంద్రంలో ఆర్థిక సేవల కార్యదర్శి పదవి నుండి వచ్చినవాడే. ప్రభుత్వమే తన కార్యదర్శులలోనుండి తన పరీక్షకుణ్ణి ఎంచుకోవటం ఉచితం కాదని, ఎంపికకు ప్రతిపక్షం కూడా ఉండే సంఘం కావాలని కోరేవారున్నారు. ఆ మార్పు వచ్చేవరకు, కుర్చీ స్వాతంత్ర్యం అందులో కూర్చున్నవారి గుండెధైర్యం పైననే ఆధారపడి ఉంటుంది.

తెలీబంధా గట్టున దీపాలు వెలిగేవేళకు ప్రభుత్వ కార్యాలయాలు మూతపడతాయి. ఆడిటరు ఆనాడు ఏదో ఒక బల్లమీద వదలి వచ్చిన కాగితంలో ఒక సగం నిండి ఉంటుంది, రెండవ సగం ఖాళీగా ఉంటుంది. 1985లో పాట్నాకు వెళ్ళిన లేఖ కూడా అటువంటి కాగితమే. ప్రశ్న వ్రాసినవాడు తన పని చేశాడు. జవాబు రాబట్టవలసినది ఎన్నికైన సభలు, ఆ సభలను ఎన్నుకొనే జనం. ఆ గట్టున నడిచేవారు కూడా అందులోనివారే.